తెగిన వేళ్ల నుంచి పుట్టిన హెవీ మెటల్

అది 1965. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక రేకుల ఫ్యాక్టరీ. అక్కడ వెల్డింగు పని చేసే టోనీ అయోమీకి ఆ రోజే ఆఖరి రోజు. వయసు 17. 'ది బర్డ్స్ అండ్ ది బీస్' అనే బృందంతో కలిసి గిటారు వాయించడానికి యూరప్ వెళ్లబోతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక ఫ్యాక్టరీకి వెళ్లనని తల్లితో అన్నాడు. పట్టిన పని మధ్యలో వదిలేయడం ఆవిడకు నచ్చలేదు. పూర్తి చేసి రమ్మని పంపింది.

ఆ రోజు ప్రెస్సు నడిపే మనిషి పనికి రాలేదు. అతను రేకు వంచి ఇస్తే టోనీ వెల్డింగు చేయాలి. మనిషి లేడు కనుక ప్రెస్సు దగ్గర కూడా టోనీనే నిలబెట్టారు. దాని మీద అతనికి అలవాటు లేదు. యంత్రం కుడిచేతి మీదికి దిగింది. అదిరిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు యంత్రంలోనే ఉండిపోయాయి.

అందరిలా కుడిచేత్తో మీటేవాడైతే గిటారుకు వచ్చిన నష్టం కొంత తక్కువగా ఉండేది. కానీ టోనీది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో తీగలు మీటి, కుడిచేతి వేళ్లతో మెట్ల మీద తీగలు నొక్కుతాడు. అంటే స్వరాన్ని పుట్టించే వేళ్లే పోయాయి. ఇక గిటారు సంగతి మరచిపొమ్మని డాక్టర్లు చెప్పేశారు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడి నుంచి ఒక్క గంతులో హెవీ మెటల్ పుట్టుకకు వెళ్లిపోతారు. వేళ్లు తెగాయి, సంగీతం బరువెక్కింది అంటారు. నాకు ఆ మాట న్యాయంగా అనిపించదు. ప్రమాదం దేన్నీ కనిపెట్టదు. ఫ్యాక్టరీల్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ కుర్రాడు మాత్రం ఆ తర్వాత ఆరేళ్లపాటు ఎదురైన ఒక్కో ఇబ్బందికి ఒక్కో మరమ్మతు చేసుకుంటూ పోయాడు. తొడుగులు, తీగలు, స్వరాల ఎంపిక, చివరికి శ్రుతి. ఆ మరమ్మతులన్నీ కలిసి ఒక కొత్త నాదమయ్యాయి. ఈ కథ ఆ మరమ్మతులది.

ఆస్టన్ వీధులు

ఫ్రాంక్ ఆంథొనీ అయోమీ 1948 ఫిబ్రవరి 19న బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఇటలీ మూలాలున్న కుటుంబం. తండ్రి వడ్రంగం తెలిసినవాడు. తల్లి ఆస్టన్ ప్రాంతంలో చిన్న దుకాణం నడిపేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ నగరం అది. చుట్టూ కొలుములు, రేకుల షెడ్లు, మోటారు భాగాలు చేసే కార్ఖానాలు. బడి అయిపోతే పిల్లలు వెళ్లేది వాటిలోకే.

ఇంట్లో పెద్దవాళ్లు అకార్డియన్ వాయించేవారు. టోనీకి డ్రమ్స్ మీద మోజు. ఇంట్లో ఆ చప్పుడు భరించలేమన్నారు, అకార్డియన్ చేతికిచ్చారు. కొన్నాళ్లకు అతని మనసు గిటారు మీదికి మళ్లింది. అప్పట్లో ఇంగ్లండు కుర్రాళ్లందరినీ ఊపేస్తున్న బృందం 'ది షాడోస్'. అందులో హ్యాంక్ మార్విన్ మీటే శుభ్రమైన, పొందికైన గిటారు టోనీకి తొలి పాఠం. బర్చ్‌ఫీల్డ్ రోడ్ బడిలో అతని కన్నా ఒక తరగతి కింద జాన్ ఆస్బోర్న్ అనే పిల్లవాడు చదివేవాడు. పెద్దయ్యాక లోకం అతన్ని ఆజీ ఆస్బోర్న్ అని పిలిచింది.

ఫోర్‌మన్ తెచ్చిన రికార్డు

ప్రమాదం తర్వాత టోనీ ఇంట్లో కుంగిపోయి ఉన్నాడు. అతన్ని చూడటానికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వచ్చాడు. వస్తూ ఒక గ్రామొఫోన్ రికార్డు తెచ్చాడు. గిటారు పేరెత్తితేనే బాధగా ఉన్న టోనీ వినడానికి ఇష్టపడలేదు. ఫోర్‌మన్ పట్టుబట్టి వినిపించాడు. బాగుందని ఒప్పుకున్నాక అసలు విషయం చెప్పాడు. ఆ వాయించేవాడు మెట్ల మీద రెండు వేళ్లతోనే ఆ పాటలన్నీ వాయిస్తున్నాడని.

అతని పేరు జాంగో రైన్‌హార్ట్. 1910లో బెల్జియంలో రోమా సంచార కుటుంబంలో పుట్టాడు. 1928లో వాళ్లు కాపురముండే బండికి నిప్పంటుకుంది. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు కాలి బిగుసుకుపోయాయి. మిగిలిన రెండు వేళ్లతో కొత్త పద్ధతి సాధన చేసి, వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెలీతో కలిసి 1934లో పారిస్‌లో బృందం కట్టాడు. యూరప్ జాజ్ సంగీతంలో పెద్ద పేరు అయ్యాడు.

టోనీ సంగీతం జాంగో సంగీతంలా ఎప్పుడూ లేదు. అతనికి అక్కడ దొరికింది బాణీ కాదు. ఈ పని మనిషికి సాధ్యమేనన్న రుజువు దొరికింది. దెబ్బ తిన్న చెయ్యి మంచి చేతిని అనుకరించనక్కర్లేదని, తనకు తగిన పద్ధతి తానే వెతుక్కోవచ్చని తెలిసింది.

మొదట ఒక సులువైన దారి ఆలోచించాడు. చేతులు మార్చి, కుడిచేత్తో మీటడం నేర్చుకుంటే? అప్పటికే కొన్నేళ్లు సాధన చేసి ఉన్నాడు. మళ్లీ ఓనమాలు దిద్దే ఓపిక లేకపోయింది. ఉన్న చేతినే బాగుచేసుకోవాలి.

సబ్బు సీసా, తోలు ముక్క

తెగిన కొసల మీద చర్మం పల్చగా ఉంది. ఉక్కు తీగ తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. వాటికేదైనా తొడగాలి. గిన్నెలు తోమే ఫెయిరీ లిక్విడ్ ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకుని కరిగించి ఉండలా చేశాడు. కాల్చిన సోల్డరింగ్ రాడ్డుతో అందులోకి వేలు దూరేటంత బెజ్జం చేశాడు. ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది వేలికొస ఆకారం తెచ్చాడు. వేలికి తొడిగి చూస్తే సరిపోయింది కానీ తీగ మీద జారిపోతోంది. పాత తోలు జాకెట్టు నుంచి చిన్న ముక్క కోసి కొసకు అంటించాడు. తోలు కొత్తగా ఉంటే తీగకు పట్టేసేది. మరీ నునుపైతే జారేది. సరిగ్గా పట్టేదాకా దాన్ని అరగదీయాల్సి వచ్చింది.

ఈ పనిలో ఏముందో చూడండి. కరిగించడం, బెజ్జం పెట్టడం, రుద్దడం, అంటించడం, కొలిచి చూడటం. ఇదంతా కార్ఖానా పనివాడి విద్య. రోజంతా లోహంతో కుస్తీ పట్టే వెల్డరుకు, ఏ వస్తువైనా కావలసిన ఆకారంలోకి లొంగుతుందన్న ధైర్యం ఉంటుంది. ఫ్యాక్టరీ అతని వేళ్లు తీసుకుంది. ఆ వేళ్లను తిరిగి కట్టుకునే పనితనం కూడా అక్కడే అబ్బింది. ఆస్టన్ యంత్రాల హోరు హెవీ మెటల్‌లో వినిపిస్తుందని అంటుంటారు. నా మటుకు నాకు ఆ హోరు కన్నా ఈ పనితనమే ఆ సంగీతానికి పునాది అనిపిస్తుంది.

తొడుగు వేసుకున్నాక మరో చిక్కు వచ్చింది. తీగ స్పర్శ తెలియదు. ఎంత గట్టిగా నొక్కుతున్నాడో వేలు చెప్పదు, చెవి చెప్పాలి. స్వరం మందంగా వస్తే ఇంకా నొక్కాలి, శ్రుతి పెరిగితే తగ్గించాలి. గిటారు వాయించేవాళ్లందరికీ చర్మం చెప్పే సంగతిని అతను వినికిడితో తెలుసుకోవడం నేర్చుకున్నాడు.

బాంజో తీగలు

గిటారు తీగ ఎంత లావుగా ఉంటే ఒకే శ్రుతికి అంత బిగించాలి. అంత బిగువున్న తీగను ప్లాస్టిక్ కొసతో నొక్కి పక్కకు వంచడం కష్టం. అప్పట్లో ఇంగ్లండు దుకాణాల్లో దొరికేవి లావు తీగలే. అమెరికాలో కొందరు సన్న తీగలు అమ్మడం మొదలుపెట్టినా, బర్మింగ్‌హామ్ కుర్రాడికి అవి అందే దారి లేదు.

బాంజో తీగలు సన్నగా ఉంటాయని తెలుసు. పై రెండు తీగల స్థానంలో బాంజో తీగలు కట్టి, మిగిలిన వాటిని కిందికి జరుపుకుంటూ మొత్తం కట్టను పల్చన చేసుకున్నాడు. తర్వాత తీగలు తయారుచేసే కంపెనీల దగ్గరికి వెళ్లి, సన్న తీగలు చేసివ్వమని అడిగాడు. అలాంటివి పనిచేయవు, కొనేవాళ్లూ ఉండరన్నారు. చివరికి 1970 దశకం మొదట్లో వేల్స్‌కు చెందిన పికాటో కంపెనీ ఒప్పుకుని అతను కోరినట్టు చేసి ఇచ్చింది.

షడ్జమం, పంచమం చాలు

ఇప్పుడు చెయ్యి నడుస్తోంది. కానీ అన్ని వేళ్లూ పరచి పట్టే పెద్ద పెద్ద కార్డ్‌లు కొన్ని ఇక కుదరవు. తక్కువ వేళ్లతో ఎక్కువ నిండుదనం తేవాలి. కర్ణాటక సంగీతం విన్న చెవికి అతను ఎంచుకున్న దారి చెప్పడం తేలిక.

పాశ్చాత్య సంగీతంలో మామూలు కార్డ్‌కు మూడు స్వరాలు: షడ్జమం, గాంధారం, పంచమం. అంతర గాంధారమైతే ఉల్లాసమని, సాధారణ గాంధారమైతే దిగులని అక్కడి లెక్క. గాంధారం తీసేస్తే మిగిలేవి స, ప. పైన తారస్థాయి షడ్జమం కలుపుకుంటే, మన తంబురా ఎప్పుడూ పలికే స్వరాలే అవి. గిటారు వాళ్లు దీన్ని పవర్ కార్డ్ అంటారు. రెండు మూడు వేళ్లు చాలు.

యాంప్లిఫయరును దాని శక్తికి మించి తోలినప్పుడు నాదం చిట్లి గరగరలాడుతుంది. దాన్నే డిస్టార్షన్ అంటారు. అలాంటప్పుడు మీటిన స్వరాలతో పాటు వాటి కూడికలు, తీసివేతల స్వరాలు కూడా పుడతాయి. స 100 హెర్ట్జ్ అనుకుంటే ప దాదాపు 150. తేడా 50. అంటే కింది స్థాయి షడ్జమం. ఎవరూ మీటని మంద్ర స్వరం ఒకటి అడుగున మోగుతుంది. గాంధారం కూడా ఉంటే ఈ తేడాలు ఎక్కువై గందరగోళమవుతుంది. కాబట్టి గరగర నాదంలో రెండు స్వరాలే మూడింటికన్నా నిండుగా పలుకుతాయి.

ఇది అయోమీ ఒక్కడే కనిపెట్టింది కాదు. 1958లో అమెరికాలో లింక్ రే, 1964లో ఇంగ్లండులో 'ది కింక్స్' గరగరలాడే గిటారుతో జనాన్ని ఉలిక్కిపడేలా చేశారు. వాళ్లకు అది ఒక పాటలో మెరుపు. అయోమీకి అది రోజూ నిలబడే నేల. ఆ రెండు స్వరాలను నెమ్మదిగా జరుపుతూ, ఊపుతూ, చిన్న చిన్న పదబంధాలు అల్లాడు. పాటంతా తిరిగి తిరిగి వచ్చే ఆ పదబంధాన్ని రిఫ్ అంటారు. పాటకు గిటారు తోడుగా ఉండటం పోయి, గిటారు రిఫ్ చుట్టూ పాట కట్టడం అతని పద్ధతి అయింది.

నలుగురు ఆస్టన్ కుర్రాళ్లు

1968లో టోనీ డ్రమ్మర్ బిల్ వార్డ్‌తో కలిసి కార్లైల్ పట్టణంలో 'మిథాలజీ' అనే బృందంలో వాయించి, అది చెదిరిపోయాక ఇద్దరూ బర్మింగ్‌హామ్ తిరిగొచ్చారు. గాయకుడి కోసం వెతుకుతుంటే సంగీత వాద్యాల దుకాణంలో ఒక ప్రకటన కనిపించింది. ఆజీ అనే గాయకుడికి బృందం కావాలి, సొంత పీఏ సెట్టు ఉంది. బడిలో తెలిసిన ఆజీ అయితే పాటగాడు కాదే అనుకుంటూనే టోనీ వెళ్లి తలుపు తట్టాడు. వచ్చింది ఆ ఆజీయే. అతనితో పాటు బాస్ గిటారు వాయించే గీజర్ బట్లర్ వచ్చాడు. ఆజీ కబేళాలో పనిచేసి, చిన్న దొంగతనానికి జైలుకూడు తిని వచ్చినవాడు. గీజర్ లెక్కల ఆఫీసులో గుమాస్తా. నలుగురూ ఆస్టన్ వాళ్లే. బృందానికి 'ఎర్త్' అని పేరు పెట్టుకున్నారు.

అదే ఏడాది చివర 'జెత్రో టల్' అనే పేరున్న బృందం టోనీని పిలిచింది. 1968 డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ తీసిన 'రాక్ అండ్ రోల్ సర్కస్' చిత్రీకరణలో వాళ్ల పక్కన నిలబడ్డాడు. కొద్ది రోజులకే తిరిగొచ్చేశాడు. పేరున్న బృందాన్ని వదిలి, పేరులేని తన వాళ్ల దగ్గరికి. కానీ అక్కడ చూసిన ఒక సంగతి వెంట తెచ్చుకున్నాడు: వాళ్లు ఉద్యోగానికి వెళ్లినట్టు పొద్దున్నే వచ్చి సాధన చేస్తారు. ఇక్కడా అదే క్రమం పెట్టాడు. పొద్దున తొమ్మిదికల్లా అందరూ సాధన గదిలో ఉండాల్సిందే, లేవకపోతే తానే వెళ్లి లేపుకొచ్చేవాడు.

మూడు స్వరాల భయం

వాళ్లు సాధన చేసే చోటికి ఎదురుగా ఒక సినిమాహాలు. భయపెట్టే సినిమాలకు జనం డబ్బిచ్చి మరీ క్యూ కడుతున్నారు. భయపెట్టే సంగీతం ఎందుకు ఉండకూడదని బృందంలో మాట వచ్చింది. గీజర్‌కు హోల్స్ట్ రాసిన 'ది ప్లానెట్స్' వాద్యబృంద రచన ఇష్టం. అందులో యుద్ధదేవత అంగారకుడి భాగాన్ని బాస్ మీద పలికిస్తుండేవాడు. ఆ ప్రభావంలో టోనీ ఒక రోజు మూడు స్వరాలు మీటాడు.

షడ్జమం, తార షడ్జమం, ప్రతి మధ్యమం. అంతే. ఆ మూడో స్వరం మీద నిలిచి వేలితో కంపింపజేశాడు.

కల్యాణి రాగం విన్న మనకు ప్రతి మధ్యమం అంటే భయం లేదు. అక్కడ ఆ స్వరం పంచమం వైపు వెళుతూ తీపి పంచుతుంది. ఇక్కడ టోనీ పంచమాన్ని ఇవ్వలేదు. షడ్జమం, తార షడ్జమం విన్న చెవి వాటి మధ్య పంచమం కోసం సహజంగా ఎదురుచూస్తుంది. దానికి ఒక్క మెట్టు కింద ఆపేసి, అక్కడే వణికించి వదిలాడు. చేరవలసిన చోటు చేరని ఆ వేదనే భయంగా వినిపిస్తుంది. పాత పాశ్చాత్య శాస్త్రకారులు ఈ దూరాన్ని సైతానుతో ముడిపెట్టారు. టోనీకి ఆ శాస్త్రం తెలియదు, చెవికి ఒళ్లు జలదరించింది కనుక ఉంచాడు.

ఆ పాటకు బోరిస్ కార్లాఫ్ నటించిన భయానక చిత్రం 'బ్లాక్ సబ్బాత్' పేరే పెట్టారు. 'ఎర్త్' పేరుతో మరో బృందం ఉండటంతో 1969 ఆగస్టులో తమ బృందానికీ అదే పేరు పెట్టుకున్నారు.

ఒక్క రోజులో ఆల్బం

1969 అక్టోబరులో లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో మొదటి ఆల్బం రికార్డు చేశారు. నిర్మాత రాడ్జర్ బెయిన్. వేదిక మీద వాయించినట్టే వాయించి దాదాపు ఒక్క రోజులో ముగించారు. మొదటి పాట అవుతుండగానే టోనీ ఫెండర్ గిటారు పికప్ పాడైపోయింది. అండగా తెచ్చుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి వాయించాడు. దాని మీద ఫిడేలు వాయించే కోతి బొమ్మ స్టిక్కరు ఉండేది. ఆ ఎర్రని వాద్యం తర్వాత అతని గుర్తు అయిపోయింది. అదీ ఎడమచేతి వాద్యమే. అంతకు ముందు తన దగ్గరున్న కుడిచేతి ఎస్‌జీని తిరగేసి పట్టుకునేవాడు. ఎడమచేతి గిటారుతో తంటాలు పడుతున్న మరొకరు తారసపడితే ఇద్దరూ మార్చుకున్నారు.

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు ఆల్బం వచ్చింది. 'రోలింగ్ స్టోన్' పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దాన్ని తీసిపారేశాడు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ జాబితాలో 8వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరులో రెండో ఆల్బం 'పారనాయిడ్' మొదటి స్థానం చేరింది. ఆ ఆల్బంలో నిడివి చాలక ఇంకో పాట కావాల్సి వచ్చినప్పుడు, మిగతావాళ్లు భోజనానికి వెళితే టోనీ స్టూడియోలో కూర్చుని మీటిన రిఫ్ నుంచే 'పారనాయిడ్' పాట పుట్టింది. గీజర్ మాటలు రాశాడు, అరగంటలోపే అయిపోయింది. బృందానికి అంత పెద్ద హిట్టు సింగిల్ మళ్లీ రాలేదు. 'వార్ పిగ్స్'లో వియత్నాం కాలపు యుద్ధాల మీద కోపం ఉంది. పువ్వుల గురించి, ప్రేమ గురించి పాడుతున్న కాలంలో కార్ఖానా ఊరి పిల్లలు తమకు తెలిసిన లోకం గురించి పాడారు.

శ్రుతి దించిన రోజు

మొదటి ఆల్బం మామూలు శ్రుతిలోనే ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆ బరువంతా రెండు స్వరాల నిండుదనం నుంచి, నెమ్మది నడక నుంచి వచ్చింది. వేళ్ల బాధ మాత్రం పోలేదు. సన్న తీగలు కట్టినా ఇంకా బిగువే. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో టోనీ కొన్ని పాటలకు గిటారును మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. గీజర్ కూడా బాస్ గిటారును దించి అతనితో కలిశాడు.

లెక్క వేసి చూస్తే ఆ నిర్ణయం ఎంత మేలు చేసిందో తెలుస్తుంది. గిటారు లావు తీగ మామూలుగా సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. మూడు అర్ధస్వరాలు దించితే 69 సార్లు. తీగ బిగువు కంపనాల వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అది దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. తొడుగు వేసిన వేళ్లకు అంత ఊరట. తీగను పక్కకు లాగడం, వణికించడం తేలికైంది.

వేలి కోసం చేసిన ఆ పని చెవికి మరోటి ఇచ్చింది. వదులైన తీగ మీటగానే కాస్త ఊగి, గరగరలాడి, అడుగు నుంచి లేస్తుంది. 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్', 'ఇంటు ది వాయిడ్' వింటే నేల కదులుతున్నట్టుంటుంది. ఆ తరహా గిటారు నాదం అంతకు ముందు రాక్ సంగీతంలో లేదు. తొడుగుల దగ్గర మొదలైన మరమ్మతుల వరస ఇక్కడికి చేరింది. ఒక్కో మెట్టులోనూ టోనీ అడిగింది ఒకే ప్రశ్న: ఈ చేత్తో ఇది ఎలా వాయించాలి? బరువైన సంగీతం చేయాలన్న లక్ష్యం మొదట లేదు. చేతికి జవాబు దొరికిన ప్రతిసారీ సంగీతం ఇంకొంచెం కిందికి దిగింది.

నిలిచినవాడు

ఆ తర్వాతి కథలో వెలుగూ చీకటీ కలిసే ఉన్నాయి. 1972 నాటికి డబ్బుతో పాటు కొకైన్ వచ్చింది. మేనేజర్లతో కోర్టు గొడవలు. 1979లో ఆజీని పంపేశారు. 1980లో రానీ జేమ్స్ డియో గొంతుతో 'హెవెన్ అండ్ హెల్' వచ్చి బృందానికి రెండో జన్మనిచ్చింది. తర్వాత గాయకులు మారారు, డ్రమ్మర్లు మారారు. మొదటి నుంచి చివరి దాకా బ్లాక్ సబ్బాత్‌లో మారకుండా ఉన్నది టోనీ ఒక్కడే. 1988లో ఆర్మేనియాలో భూకంపం వస్తే సాయం కోసం చేసిన పాటలో ఆయనా వాయించాడు. మిత్రుడు ఇయన్ గిలన్‌తో కలిసి ఆ దేశంలోని గ్యూమ్రీలో సంగీత పాఠశాల నిలబెట్టడానికి తోడ్పడ్డాడు.

2012 జనవరిలో ఆయనకు లింఫోమా క్యాన్సర్ అని తేలింది. లాస్ ఏంజలస్‌లో చేయాల్సిన పాటల పని ఇంగ్లండుకు, ఆయన ఇంటికి మారింది. చికిత్సకూ చికిత్సకూ మధ్య పాటలు కట్టారు. 2013 జూన్‌లో వచ్చిన '13' ఆల్బం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానంలో నిలిచింది. కచేరీ యాత్రల తేదీలను చికిత్స తేదీలను బట్టి వేసుకున్నారు. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో వీడ్కోలు కచేరీ చేశారు. 2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో తొలి నలుగురూ మళ్లీ కలిసి నాలుగు పాటలు వాయించారు. వచ్చిన డబ్బు ఆసుపత్రులకు, వైద్య పరిశోధనకు. పదిహేడు రోజులకు, జులై 22న, ఆజీ కన్నుమూశాడు.

ఇన్నేళ్లలో తొడుగులు మెరుగుపడ్డాయి. కృత్రిమ అవయవాలు చేసేవాళ్లు చెయ్యి తయారుచేసి ఇస్తే, టోనీ అందులోంచి వేలికొసలు మాత్రం కోసి తీసుకుంటాడు. వాటి మీద అంటించేది ఇప్పటికీ పాత జాకెట్టు తోలే. ఆసుపత్రి ఇచ్చిన దాన్ని కూడా అలాగే వాడడు, తన కొలతకు తానే దిద్దుకుంటాడు.

మరమ్మతు నుంచి సంప్రదాయం

ఒక పరిష్కారం నిజంగా ఆవిష్కరణ అయిందని ఎలా చెప్పాలి? ఆ సమస్య లేనివాళ్లు కూడా దాన్ని తీసుకున్నప్పుడు. 2006లో బ్లాక్ సబ్బాత్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానించింది మెటాలికా వాళ్లు. వాళ్ల వేళ్లకు ఏ దెబ్బా తగల్లేదు, అయినా వాళ్ల రిఫ్‌లకు మూలం అయోమీ రిఫ్‌లే. డూమ్, స్టోనర్, డెత్ మెటల్ అని శాఖలుగా విడిపోయిన సంగీతంలో శ్రుతి దించి వాయించడం ఇప్పుడు మామూలు విషయం. కొందరు ఆయన కన్నా చాలా కిందికి వెళ్లారు. హైదరాబాదులో పుట్టిన గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బృందం కూడా ఆ వంశవృక్షంలోనిదే.

ఇవాళ గిటారు నేర్చుకునే పిల్లవాడు ఏ దుకాణానికి వెళ్లినా సన్న తీగల కట్ట అడిగి తెచ్చుకోవచ్చు. చెవి కోరితే శ్రుతి దించుకుంటాడు. గాంధారం వదిలి స, ప పట్టుకుంటాడు. అతని వేళ్లు పదీ బాగానే ఉంటాయి. నొప్పి తగ్గించుకోవడానికి కాదు, ఆ నాదం కావాలని అలా చేస్తాడు. ఒక కార్మికుడి చేతికి అవసరమైన మరమ్మతులు ఆ అవసరాన్ని దాటి, దెబ్బలేమీ తగలని లక్షల చేతులకు సంగీతమయ్యాయి. టోనీ అయోమీ పోగొట్టుకున్నది రెండు వేలికొసలు. వాటికి బదులుగా ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కావలసినదంతా తానే తయారుచేసుకున్నాడు, తయారైనదాన్ని అందరికీ ఇచ్చాడు.